వంటచెఱకు దీవి



ఈ పూట మీతో శ్రీహరికోటను గూర్చి ముచ్చటింప దలచితిని. ఆ పేరు వినని వారు తెలుగునాట నేడు అరుదు. ఉపగ్రహ మేదేని పైకి పోయిన దినమున ఆ పేరు వార్తలలో మ్రోగును. పిల్లలు చప్పట్లు చఱతురు. మఱునాటికి మనము మన పనులలో పడి మఱచిపోదుము. నేనును చాల కాలము అట్లే మఱచుచు వచ్చితిని. మా యూరు సరస్సునకు ఈవలి గట్టున నున్నను, అరువది యేండ్లు దాటువఱకు ఆ దీవి లోపలి భాగమును చూచి యెఱుగను. అది కాపలా గల చోటు. పని గలవారికిని, అనుమతి పత్రము గలవారికిని తప్ప తక్కినవారికి ప్రవేశము లేదు.

ప్రతి సంవత్సరము అక్టోబరు 4వ తేదీ నుండి 10వ తేదీ వఱకు ప్రపంచమంతట అంతరిక్ష వారోత్సవము జరుగును. 1957 అక్టోబరు 4న సోవియట్ రష్యావారి స్పుత్నిక్, అనగా మనుష్యుడు నిర్మించిన మొదటి ఉపగ్రహము, ఆకాశమున కెగసెను. 1967 అక్టోబరు 10న, అంతరిక్షము ఏ దేశమునకును సొంతము కాదను ఒడంబడిక అమలులోనికి వచ్చెను. ఆ రెండు తేదీల నడిమి వారమును పాటింపవలెనని 1999లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించినది. అట్టి వారములో ఒకనాడు, సామాన్య ప్రజలు లోనికి వచ్చి చూడవచ్చునని తెలిసి, సూళ్లూరుపేటలో బస్సెక్కితిని.

నా ప్రక్క ఆసనమున ఒక వృద్ధుడు కూర్చుండెను. డెబ్బది దాటిన మనిషి. తలపాగా, ఉతికిన పంచె, చేత సంచి. మనుమడు వెంట వచ్చెను గాని వాడు వెనుక తన యీడు పిల్లలతో కలిసిపోయెను. "పెద్దాయనా, తమ దే యూరు?" అని అడిగితిని. ఆయన కిటికీనుండి చూపు త్రిప్పకయే, "ఇప్పుడు ఈ గట్టునేనయ్యా. పుట్టింది మాత్రం ఆ దీవిలోనే" అనెను. యానాదుల కుటుంబమువాడు. తాను పుట్టిన చోటికి ఏబది యేండ్లకు పైబడి మరల పోవుచుండెను. ఆ మాట విన్న తరువాత ఆ దినము నాకు వేఱు విధముగ కనబడసాగినది. రాకెట్టును చూడ పోయినవాడను, దీవి చరిత్రను వినుచు తిరిగి వచ్చితిని. కావున చరిత్రతోడనే మొదలిడుదును.

సూళ్లూరుపేటనుండి తూర్పుగ పోవు రోడ్డు సరస్సు నడుమ గట్టువలె సాగును. లోకము పులికాట్ అని పిలుచు ఈ సరస్సును మా ప్రాంతపు పెద్దలు ప్రళయకావేరి యందురు. ఒడిస్సాలోని చిలక సరస్సు తరువాత దేశమున ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య మఱొకటి లేదు. కాళంగి, ఆరణి నదులు తెచ్చు మంచినీరును, మొగల గుండ వచ్చు సముద్రపు నీరును ఇందు కలియును. వేసవిలో ఈ భాగము ఎండి నెఱ్ఱెలు వాఱును. మేము పోయిన దినమున మోకాలిలోతు నీరుండెను. అటకానితిప్ప దాటిన పిమ్మట దూరమున గులాబిరంగు రెక్కల ఫ్లెమింగోలు వరుస కట్టి నిలిచి యుండెను. సరస్సునకును సముద్రమునకును నడుమ పొడుగుగ పడియున్న ఇసుకదీవియే శ్రీహరికోట. పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది.

ఈ దీవి చరిత్ర మంటతో ముడిపడినది. అయితే మొదట అది రాకెట్టు మంట కాదు, పొయ్యిలోని మంట. 1835వ సంవత్సరమున కుంపిణీ ప్రభుత్వము ఈ దీవిని తన స్వాధీనమునకు తెచ్చుకొనెను. కారణ మేమనగా, చెన్నపట్టణము పెరుగుచుండెను. పట్టణము పెరిగినకొలది వంటచెఱకునకు కటకట యేర్పడెను. శ్రీహరికోట అడవినుండి కట్టెలు కొట్టి, పడవల కెత్తి, కాలువమీదుగ పట్నమునకు చేర్చిరి. ధాత కరవు కాలమున, అనగా 1876 మొదలు 1878 వఱకు, ఆకలిగొన్న జనమునకు పని కల్పించుటకై ఈ తీరపు కాలువను త్రవ్వించి కలిపిరి. అప్పటి గవర్నరు పేరిట అది బకింగ్‌హాం కాలువ యైనది. మనవారు కరవున త్రవ్విన కాలువమీద మన దీవి కట్టెలు పోయి పట్టణపు పొయ్యిలలో మండెను. తరువాత అడవి చాలక సరుగుడు, జామాయిలు తోపులు పెంచిరి. అంతరిక్ష సంస్థవారు ఈ దీవిని తీసికొనునాటికిని అది వంటచెఱకు తోపుగనే యుండెను.

ఆ యడవిలో యానాదులు తరతరములుగ బ్రతికిరి. థర్‌స్టన్ దొర 1909లో వెలువరించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున వీరిని గూర్చి విపులముగ వ్రాసెను. తేనె, కుంకుడుకాయలు, మందుమూలికలు, గడ్డలు, చిరివేరు—ఇవి వారు అడవినుండి తెచ్చి సర్కారు కొట్టున అప్పగించి, బదులుగ ధాన్యము పొందెడివారు. చిరివేరన నేటి పిల్లలకు తెలియదు. బట్టలకు ఎఱ్ఱరంగు నద్దుటకు ఆ వేరే ఆధారము. ఈ తీరపు అద్దకపు బట్టలకై డచ్చివారు పదునేడవ శతాబ్ది ఆరంభముననే పులికాట్‌లో కోట కట్టుకొనిరి. ఓడలెక్కి దేశాంతరములకు పోయిన ఆ ఎఱుపువెనుక వేరు త్రవ్వినవాని చేతిగోరు ఉండెనని ఏ వర్తకుని లెక్కలోను వ్రాయబడలేదు. ఇంతటి పనివారైన యానాదులలో కొందఱిని ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము క్రింద చేర్చెను. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్యగారు తన జీవితమున చాల భాగమును వీరి సేవకే వినియోగించి, 1962లో వీరిపై ఒక గ్రంథమును ప్రకటించిరి.

నా ప్రక్కనున్న వృద్ధుడు ఆ తోపులలో సరుగుడు కట్టె కొట్టినవాడు. "మా నాయన గొడ్డలి పట్టాడు, నేను పట్టాను. కట్టె పడవకు ఎత్తితే పట్నం పోయేది. పట్నం నేను చూడలేదు" అని చెప్పెను.

ఇక రాకెట్టు ఇచ్చటి కెందుకు వచ్చినదో చెప్పెదను. మీరు దీపావళినాడు తారాజువ్వను వెలిగించియే యుందురు. మందు క్రిందికి చిమ్మును, జువ్వ పైకి పోవును. రాకెట్టు సూత్రము అంతకన్న వేఱు కాదు. మైసూరు సేనలు ఇనుపగొట్టములలో మందు కూరి 1780లో పొల్లిలూరు యుద్ధమున ఆంగ్లేయులపై ప్రయోగించినవియు ఇట్టి జువ్వలే. అయితే జువ్వ పైకి పోయి క్రింద పడును, ఉపగ్రహము పడకూడదు. వడిసెల త్రిప్పి విసరిన రాయి ఎంత వడిగ పోయిన అంత దూరమున పడును గదా. ఆ వడి సెకనుకు దాదాపు 8 కిలోమీటర్లైనచో, పడుచున్న రాయి క్రింద భూమియు గుండ్రముగ ఒరగిపోవుచుండుటచేత, అది ఎన్నటికిని నేల తాకక చుట్టు తిరుగుచునే యుండును. అంత వడి సంపాదించుటయే యీ ప్రయాస యంతయు.

అందులో భూమియే కొంత సాయపడును. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. నడచుచున్న బండిమీదినుండి ముందునకు విసరిన రాయికి బండి వడియు తోడగును. అట్లే తూర్పునకు వదలిన రాకెట్టునకు భూమి వడి తోడగును. భూమధ్యరేఖకు దగ్గఱగ నున్నకొలది ఆ సాయము హెచ్చు. శ్రీహరికోట 14 అక్షాంశముల లోపల నున్నది. ఇచ్చట సెకనుకు సుమారు 450 మీటర్ల వడి ఊరక లభించును. తూర్పున సముద్రము తప్ప ఊళ్లు లేవు. కాలిన డొల్లలు పడినను ఎవరి యింటిమీదను పడవు.

మన దేశపు మొదటి రాకెట్టు ఇచ్చటినుండి పోలేదు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబ అను జాలరి పల్లెనుండి పోయెను. అదియు అమెరికావా రిచ్చినది. అచ్చటి జాలరులు తమ మేరీ మగ్దలీన దేవాలయమును ఆ పనికి విడిచి యిచ్చిరి. పరికరములు సైకిళ్లపై మోసిరి. కాని తుంబ పడమటి తీరమున నున్నది. ఉపగ్రహములను ప్రయోగింపవలెనన్న తూర్పు తీరము కావలెను. విక్రమ్ సారాభాయిగారి కోరికపై చిట్నిస్‌గారు తూర్పు తీరమును పరిశీలించిరి. 1969లో శ్రీహరికోటను ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న ఇచ్చటినుండి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరెను. వాతావరణ పరిశోధనకై వదలిన చిన్న జువ్వ యది. అదే సంవత్సరము డిసెంబరు 30న సారాభాయిగారు గతించిరి. తాము కోరిన దీవినుండి ఉపగ్రహ మెగయుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

 దీవిలోని పల్లెలవారిని అవతలి గట్టునకు తరలించిరి. దేశమునకు అట్టి చోటు మఱొకటి దొరకుట కష్టమన్నది నిజము. అడవిలో వేరు త్రవ్వి బ్రతికినవానికి మెట్ట నేలపై ఇల్లు చూపినంత మాత్రమున బ్రతుకుతెరువు చూపినట్లు కాదన్నదియు అంతే నిజము. ఈ రెంటిలో ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట నాకు న్యాయముగ తోచదు.

ద్వారమున మా సంచులు చూచి, గుర్తింపు పత్రములు చూచి లోనికి పంపిరి. మాకు దారి చూపుటకు ఒక యువ ఇంజనీరును నియమించిరి. ఆమెయు తెలుగు పిల్లయే. మొదట మమ్ము ప్రదర్శనశాలకు తీసికొని పోయెను. అచ్చట రాకెట్టుల నమూనాలు చిన్నది మొదలు పెద్దదాని వఱకు నిలిపి యుండిరి. మొదటిది ఎస్.ఎల్.వి.-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. 40 కిలోల బరువు మోయగలది. నేటి పెద్ద రాకెట్టు ఎల్.వి.ఎం.-3 ఎత్తు 43 మీటర్లకు పైన, బరువు 640 టన్నులు. 2023 జులై 14న చంద్రయాన్-3ను చంద్రుని దారి పట్టించినది ఇదియే. పిల్లలందఱు పెద్దదాని యొద్ద గుమిగూడిరి. నేను చిన్నదాని యొద్దనే నిలిచితిని. ఏలయన దాని కథ నాకు చాల యిష్టము.

1979 ఆగస్టు 10వ తేదీ ఉదయము 8 గంటలు కావచ్చుచుండగ ఆ రాకెట్టును మొదటిసారి వదలిరి. ఆ పనికి నాయకుడు రామేశ్వరమున పుట్టిన అబ్దుల్ కలాంగారు. మొదటి అంచె సరిగ మండెను. రెండవ అంచెలో దిక్కు దిద్దు ఏర్పాటునందు ఒక కవాటము సరిగ మూసికొనక, దానిలోని నైట్రిక్ ఆమ్లము కారిపోయెను. దారి తప్పిన రాకెట్టు 317 సెకనులకు బంగాళాఖాతమున పడెను. ఏండ్ల తరబడి వందలమంది చేసిన పని అయిదు నిమిషములు దాటి కొన్ని సెకనులలో నీటిపాలయ్యెను.

నేనీ సంగతి చెప్పుచుండగ వృద్ధుడు చేయి పైకెత్తెను. "ఆ పొద్దు నేను సరస్సులో వల వేస్తున్నాను. ఉరిమినట్టు మోత వచ్చింది. తెల్లటి దారంలాగ పొగ పైకి పోయింది. మావాళ్లందరం లేచి నిలబడి, ఎగిరింది ఎగిరింది అని అరిచాం. పడిపోయిందని మాకెవరూ చెప్పలేదు. ఏటికేడాది తర్వాత మళ్లీ మోత వస్తే, ఇది రెండోది కాబోలు అనుకున్నాం" అనెను. ఇంజనీరు పిల్ల నవ్వి, "తాతా, మీరు చూసినంత మేరకు అది బాగానే ఎగిరింది" అనెను.

ఆ దినమున సంస్థ అధ్యక్షులు సతీశ్ ధావన్‌గారు. విలేఖరులు గుమిగూడి యుండిరి. అపజయ వార్త చెప్పుటకు కలాంగారిని ముందునకు త్రోయక, ధావన్‌గారు తామే వారి యెదుట నిలిచి, భారము తమపై వేసికొని, మా వారిపై నాకు విశ్వాసము కలదని చెప్పిరి. 1980 జులై 18న ఉదయము 8 గంటలు దాటిన మూడు నిమిషములకు రెండవ రాకెట్టు పోయెను. 35 కిలోల రోహిణి ఉపగ్రహము కక్ష్యలో నిలిచెను. ఆనాడు మాత్రము విలేఖరుల యెదుటికి కలాంగారినే పంపిరి. ఈ సంగతిని కలాంగారే జీవితాంతము చెప్పుచు వచ్చిరి. ఇంటి పెద్ద అనిపించుకొనుట యెంత బరువో మీ బోంట్లకు నేను చెప్పనక్కఱలేదు. 2002 జనవరిలో ధావన్‌గారు గతింపగ, ఆ సంవత్సరమే ఈ కేంద్రమునకు వారి పేరు పెట్టిరి.

అటుపిమ్మట కథ నేరుగ సాగలేదు. 1987లోను 1988లోను వదలిన ఎ.ఎస్.ఎల్.వి. రాకెట్టులు రెండును విఫలమయ్యెను. 1993 సెప్టెంబరు 20న మొదటి పి.ఎస్.ఎల్.వి. పడిపోయెను; మఱుసటి యేడు అక్టోబరు 15న రెండవది గెలిచెను. అదే పి.ఎస్.ఎల్.వి. 2008లో చంద్రునికి, 2013లో అంగారకునికి నౌకలను పంపెను. 2017 ఫిబ్రవరి 15న ఒకే ప్రయాణమున 104 ఉపగ్రహములను మోసెను. మిక్కిలి చల్లని ద్రవములతో మండు యంత్రమును రష్యానుండి పొందుటకు చేసికొన్న ఒప్పందమునకు అమెరికా అడ్డు తగిలెను. యంత్రము వచ్చెను గాని విద్య రాలేదు. ఆ విద్యను మనవారు సొంతముగ నేర్చుకొని, 2010లో ఒకసారి ఓడి, 2014 జనవరి 5న గెలిచిరి. హైడ్రోజనును సున్నకు క్రింద 253 డిగ్రీల చలిలో ద్రవముగ నిలుపుట యనగ ఆషామాషీ కాదు. 2025 జనవరి 29న ఈ దీవినుండి నూఱవ పెద్ద ప్రయోగము జరిగెను. రాకెట్టు తన పని తాను చేసెను గాని, పైకి పోయిన ఉపగ్రహమున కవాటములు తెఱచుకొనక, అది తలచిన కక్ష్యకు చేరలేదు. ఆ యేడు మే 18న నూటొకటవ ప్రయోగమున పి.ఎస్.ఎల్.వి. మూడవ అంచెలో లోపము పుట్టి ఉపగ్రహము చేజాఱెను. కావున ఈ చోట గెలుపు అలవాటైపోయినదని యెవరును ఛాతి విరచుకొన పనిలేదు. ఇంజనీరు పిల్లయే ఆ మాట మాతో అనెను.

పిదప రాకెట్టు మందు తయారగు తావును దూరమునుండి చూపిరి. దగ్గఱకు పోనీయరు, పోరాదు కూడ. రబ్బరు వంటి జిగురులో అల్యూమినియపు పొడియు, అమ్మోనియం పెర్‌క్లోరేటు అను ఉప్పును కలిపి, అట్లపిండివలె చిక్కగ చేసి, పెద్ద గొట్టములలో పోసి గట్టిపడనిత్తురు. ఒకసారి అంటుకొన్నదా, ఆర్పుటకు నరుని తరము కాదు. 2004 ఫిబ్రవరి 23న ఈ శాఖలో మంట లేచి ఆరుగురు మరణించిరి. రాకెట్టు పైకి పోవునపుడు మనము చప్పట్లు కొట్టుదుము గాని, దానికి మందు కూరిన చేతులు మనకు కనబడవు. వృద్ధుడు తలపాగా తీసి చేత పట్టుకొని కొంతసేపు ఆ దిక్కు చూచెను.

ప్రయోగ వేదిక యొద్దకు వచ్చునప్పటికి మధ్యాహ్నమయ్యెను. వేదికలు రెండు. మొదటి దానియందు 76 మీటర్ల యెత్తుగల ఇనుపగోపురము చక్రములపై కదలును. దాని లోపల రాకెట్టును అంచెపై అంచెగ నిలిపి, సమయము వచ్చినపుడు గోపురమును వెనుకకు నడపుదురు. మన రథోత్సవమున రథము కదలును, దేవుడు రథముపై నుండును; ఇచ్చట దేవుడు నిలిచియుండగ గుడియే కదలునని నాకు తోచెను. 2005 మే 5న మొదలైన రెండవ వేదికకు ఏర్పాటు వేఱు. అచ్చట వేఱొక భవనమున రాకెట్టును కూర్చి, నిలువుగనే పట్టాలమీద తెత్తురు. మనుష్యులను మోయు పెద్ద రాకెట్టుల కొఱకు మూడవ వేదిక నిర్మింప 2025 జనవరిలో ప్రభుత్వ మంగీకరించినది. వేదిక క్రింద మంట పోవుటకు లోతైన కాలువ కలదు. నల్లగ కాలిన ఆ కాలువ గోడలను చూచినపుడు పెద్ద విందు ముగిసిన తరువాతి గాడిపొయ్యి నాకు జ్ఞప్తికి వచ్చెను.

అచ్చట వృద్ధుడు ఇంజనీరు పిల్లను ఒక ప్రశ్న అడిగెను. "అమ్మా, కాలిపోయిన డొల్ల ఎక్కడ పడుద్ది? మా వాళ్లు సముద్రంలో వేటకు పోతారు." ఆ దినమున అడిగిన ప్రశ్నలలో ఇదియే మేలైనదని నా యభిప్రాయము. ఆమె పలకమీద గీత గీచి చూపినది. ఏ అంచె సముద్రమున ఎచ్చట పడునో ముందే లెక్కింతురు. ఓడలకును విమానములకును ఆ మేర విడువవలెనని ముందుగనే తెలుపుదురు. తీరపు జాలరులను ఆ దినమున సముద్రములోనికి పోవలదని హెచ్చరింతురు. ధ్రువములమీదుగ పోవు రాకెట్టు దక్షిణమునకు మలగవలెను. నేరుగ పోయినచో సింహళ ద్వీపముమీద పోవును. కావున మొదట ఆగ్నేయమునకు పోయి, పిమ్మట దక్షిణమునకు తిరుగును. చుట్టు త్రోవ యగుటచే ఇంధనము వ్యర్థమగును, మోయు బరువు తగ్గును. చిన్న రాకెట్టులకు ఆ బెడద లేకుండ తమిళనాటి కొసన కులశేఖరపట్టణమున కొత్త కేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేసిరి. వృద్ధుడు అన్నియు విని, "అంటే ప్రయోగం రోజు వేట మానుకోవాల. ఆ రోజు కూలి?" అనెను. ఆమె కొంత తడవు ఊరకుండి, "అది నేను చెప్పగలిగింది కాదు తాతా" అనెను. తెలియని దానికి తెలిసినట్లు జవాబు చెప్పని ఆ పిల్లపై నాకు గౌరవము కలిగెను.

ఇంత వ్యయము, ఇంత ప్రయాస మన పల్లెలకు ఏమి మేలు చేసినదని మీలో కొందఱడుగవచ్చును. తీరమున పుట్టినవాడను గనుక ఒక్క సంగతి చెప్పుదును. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన పడెను. సుమారు పదివేలమంది ప్రాణములు పోయెను. మేఘములను పైనుండి నిరంతరము కనిపెట్టియుండు సొంత కన్ను మనకప్పుడు లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒడిస్సా, ఉత్తరాంధ్ర తీరములపై పడునప్పటికి దాని దారిని దినములకు ముందే గుర్తించి లక్షలమందిని ఎత్తైన చోట్లకు చేర్చిరి. మరణములు కొద్ది పదులలోనే నిలిచెను. ఇందు ఉపగ్రహములదే గొప్ప యనను. తుపాను గృహములు కట్టినవారు, ఊరూర తిరిగి జనమును కదలించినవారు కూడ కలరు. కాని మబ్బుల చుట్టు తిరుగుడును చిత్రించి చూపిన కన్ను ఆకాశమునందే యుండెను. అట్టి వాతావరణ ఉపగ్రహములలో కొన్ని ఈ దీవినుండియే పోయెను. 2002లో కల్పన, 2016లో ఇన్‌శాట్-3డి.ఆర్., 2024 ఫిబ్రవరి 17న ఇన్‌శాట్-3డి.ఎస్. అట్టివి. ఒకప్పుడు ఈ దీవి కట్టెలు పట్టణములో అన్నము వండెను. ఇప్పుడిచ్చటినుండి పోవునవి తీరపు పల్లెకు గాలివానను ముందుగ తెలుపుచున్నవి.

చివరకు మమ్ము జనులు కూర్చుండి ప్రయోగము చూచుటకు కట్టిన ప్రాంగణమునకు తెచ్చిరి. 2019లో దానిని ప్రజలకు తెఱచిరి; అయిదువేలమంది కూర్చుండవచ్చును. మెట్లమీద నిలిచి చూచినచో వేదికల గోపురములు, వాని నడుమ పచ్చని అడవి, ఆవల సముద్రపు గీత కనబడును. జనము తక్కువగుటచేత ఆ యడవి ఇప్పుడు దట్టముగ పెరిగినది. వృద్ధుడు మెట్టుపై కూర్చుండి కంటికి చేయడ్డము పెట్టుకొని చాలసేపు వెదకెను. "మా గుడిసెలు ఆ తాటిచెట్ల అవతల ఉండేయి. ఆ తాళ్లు ఉన్నాయి. బావి ఉందో లేదో" అనెను. అచ్చటికి పోవచ్చునా యని నేనే అడిగితిని. పోరాదు, ఆ భాగము ప్రదర్శన దినమునను మూసియే యుండును. ఆమె ఎంతో మర్యాదతోడనే ఆ మాట చెప్పినది. వృద్ధుడు పట్టుబట్టలేదు. మనుమని పిలిచి, వాని భుజముపై చేయివైచి, ఆ తాటిచెట్ల వంక చూపించెను. వాడు "ఏది, ఏది?" అని అడుగుచు చివరకు కనుగొనెను.

తిరుగు ప్రయాణమున ప్రొద్దు వాలుచుండెను. సరస్సు నడుమ ఒకచోట బస్సు నెమ్మదించినపుడు, కట్టెల పడవలు ఈ నీటిమీదనే సాగెడివని ఆయన చెప్పెను. ఇప్పుడు పడవ కట్టుటకు గుంజ కూడ లేదు. తరువాతి ప్రయోగమును చూడవలెనన్న ఏమి చేయవలెనని ఆయన నన్నడిగెను. ముందుగ పేరు నమోదు చేయించుకొనవలెనని, గుర్తింపు పత్రము వెంట నుండవలెనని, స్థలము నిండినచో దొరకదని, గాలివాన పట్టినచో ప్రయోగము వాయిదా పడవచ్చునని చెప్పితిని. ఎక్కడ నమోదు చేయవలెనో మనుమనికి కాగితముపై వ్రాసి యిమ్మనెను. వ్రాసి యిచ్చితిని. దానిని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసికొని, సూళ్లూరుపేట రాగానే దిగి, మనుమని చేయి పట్టుకొని పోయెను.